గెలిచే మాట, లెక్కకొచ్చే ఓటు

‘ద వెస్ట్ వింగ్’ అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో 1999 సెప్టెంబరు 22న మొదలై 2006 మే 14న ముగిసిన రాజకీయ ధారావాహిక. ఏడు సీజన్లు, 150కి పైగా ఎపిసోడ్లు. 2000 నుంచి 2003 దాకా వరసగా నాలుగేళ్లు ఉత్తమ డ్రామాగా ఎమ్మీ అవార్డు అందుకుంది. వైట్‌హౌస్‌లో అధ్యక్షుడి ఆఫీసు ఉండే పడమటి భాగం పేరే దీని పేరు. అధ్యక్షుడు జోసయా బార్ట్‌లెట్ కల్పిత పాత్ర. నోబెల్ పొందిన ఆర్థికవేత్త, న్యూ హాంప్‌షైర్ మాజీ గవర్నర్, డెమొక్రాట్. ఆ పాత్ర మార్టిన్ షీన్‌ది. కథ మోసేది మాత్రం ఆయన చుట్టూ తిండీ నిద్రా మాని తిరిగే సిబ్బంది: చీఫ్ ఆఫ్ స్టాఫ్ లియో, ఆయన డిప్యూటీ జాష్, ఉపన్యాసాలు రాసే టోబీ, శామ్, పత్రికలవాళ్లకు జవాబు చెప్పే సీజే, జాష్ సహాయకురాలు డోనా.

దీన్ని చూసినవాళ్లలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. సృష్టికర్త ఆరన్ సోర్కిన్ రాసిన మొదటి నాలుగు సీజన్లే అసలు సరుకనీ, ఆయన వెళ్లిపోయాక వచ్చిన మూడూ కొసరనీ. మొదటిసారి చూసినప్పుడు నేనూ అదే అన్నాను. మళ్లీ మళ్లీ చూసినకొద్దీ ఆ సరిహద్దు గీత చెరుగుతూ వచ్చింది. చివరి సీజన్లు నచ్చడం మొదలయ్యాయి. విచిత్రమేమిటంటే, అవి నచ్చాక మొదటి సీజన్లు ఇంకా బాగా అర్థమయ్యాయి, కొన్నిచోట్ల ఇంకా తక్కువగా నచ్చాయి. అభిప్రాయం ఇలా కదలడానికి కారణం ఆ సీరియల్ కట్టుబడిలోనే ఉంది. ఆ కట్టుబడి గురించే ఈ వ్యాసం.

మొదటి ఎపిసోడ్‌తోనే మొదలుపెడదాం. తెల్లవారుజామున లియో ఇంట్లో కూర్చుని పత్రికలో పదకేళి నింపుతూ గడాఫీ పేరు స్పెల్లింగు తప్పుందని విసుక్కుంటుంటాడు. సీజే ట్రెడ్‌మిల్ మీద నుంచి పడిపోతుంది. టోబీ విమానంలో ల్యాప్‌టాప్ ఆపనని వాదిస్తుంటాడు. జాష్ ఆఫీసు బల్ల మీదే తలవాల్చి నిద్రపోతుంటాడు. అందరికీ వచ్చిన కబురు ఒక్కటే: పోటస్ సైకిల్ తొక్కుతూ పడ్డాడు. ఆ పదం మనకు తెలియదు. ఆ రాత్రి శామ్‌తో పరిచయమైన అమ్మాయికీ తెలియదు. మీ స్నేహితుడి పేరు తమాషాగా ఉందే అంటుంది. ఆయన తన స్నేహితుడు కాదు, యజమాని, అది ఆయన హోదా అంటాడు శామ్. అమెరికా అధ్యక్షుడు అన్న ఇంగ్లీషు మాటల కుదింపే పోటస్. ప్రతి పాత్రా ఒక్కో నిమిషంలో పరిచయమైపోయింది, ప్రభుత్వ పరిభాషలో తొలి పాఠమూ జోకు రూపంలో ముగిసింది.

అంతమంది ఆయన గురించే మాట్లాడుకుంటున్నా అధ్యక్షుడు ఎపిసోడ్ చివరిదాకా కనిపించడు. మత సంస్థల ప్రతినిధులు వచ్చి సిబ్బందితో తగువు పెట్టుకుని, పది ఆజ్ఞల్లో మొదటిది ఏదన్న దగ్గర తడబడుతుంటే, సరైన జవాబు గుమ్మం దగ్గర్నుంచి వినిపిస్తుంది. చూస్తే చేతికర్రతో బార్ట్‌లెట్. అరగంటకు పైగా కూడబెట్టిన ఎదురుచూపును రచయిత ఆ ఒక్క ప్రవేశం మీద ఖర్చుపెట్టాడు. అధ్యక్షుడి పాత్రను ఎప్పుడో ఒకసారి కనిపించేలా ఉంచాలన్నదే మొదట సోర్కిన్ ఆలోచన. షీన్‌ను చూశాక ఆ ఆలోచన నిలవలేదు.

తర్వాత చెప్పుకోవాల్సింది నడక. ఈ సీరియల్లో మనుషులు కూర్చుని మాట్లాడుకోవడం తక్కువ. దర్శకుడు థామస్ శ్లామీ వాళ్లను వరండాల్లో నడిపిస్తాడు. స్టెడీక్యామ్ కెమెరా వాళ్లకు ఎదురుగా వెనక్కి నడుస్తూ పోతుంది. ఇద్దరు ఒక బిల్లు గురించి మాట్లాడుకుంటూ వస్తారు. మలుపు దగ్గర ఒకరు విడిపోతారు, మూడో మనిషి చేతిలో ఫైలుతో చేరతాడు, సంగతి మారిపోతుంది, షాట్ మాత్రం తెగదు. దీని వెనక పక్కా లెక్క ఉంది. బడ్జెట్ కేటాయింపు, జనగణన పద్ధతి లాంటి విషయాలను నలుగురిని కుర్చీల్లో కూర్చోబెట్టి చెప్పిస్తే ప్రేక్షకుడు రిమోట్ వెతుక్కుంటాడు. అదే నడుస్తున్నవాడు చెబితే ఇతను ఎక్కడికో చేరాలి, సమయం లేదు అన్న ఆదుర్దా మాట మీదికి కూడా పాకుతుంది. నిజమైన వెస్ట్ వింగ్ ఇరుకు. బర్బాంక్‌లోని వార్నర్ స్టూడియోలో వేసిన సెట్ అంతకంటే విశాలం. గదికీ గదికీ మధ్య గాజు తలుపులు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారులు. అంటే సంభాషణ నడవడానికి అనువుగా భవనాన్నే మార్చుకున్నారు. ఛాయాగ్రాహకుడు థామస్ డెల్ రూత్ ఆ దారి పొడుగునా వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు పరిచాడు. నడిచే మనిషి ముఖం రెండు అడుగులకోసారి వెలిగి ఆరుతుంటే మామూలు ఆఫీసు సంగతికి కూడా గాంభీర్యం వచ్చేస్తుంది.

మూడో పనిముట్టు డోనా. ఆమె పని జాష్‌ను అడగడం. మొదటి సీజన్లో ఒక ఎపిసోడ్‌లో ప్రభుత్వానికి మిగులు వచ్చిందట కదా, నా వాటా డబ్బు నాకు తిరిగిచ్చేయండి అని పట్టుబడుతుంది. జాష్ ఎన్ని విధాల చెప్పినా ఆమె ఒప్పుకోదు. వాళ్లిద్దరి సరసం చూసి నవ్వుకుంటూనే మిగులు బడ్జెట్ మీద రెండు వైపుల వాదనలూ మనం వినేస్తాం. ఆమె తెలివితక్కువది కాబట్టి అడగదు. తెలుసుకోవలసిన హక్కు తనకుంది కాబట్టి అడుగుతుంది. ఆ తేడాను పట్టుకోవడంలోనే రచన నిలిచింది.

అదే ఎపిసోడ్‌లో ఒహాయో సభ్యుడు విల్లిస్ వస్తాడు. స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి. చనిపోయిన భార్య స్థానంలో ప్రతినిధుల సభకు వచ్చాడు. జనగణనలో నమూనా పద్ధతి వాడవచ్చా అన్నదానిపై అతని ఓటు కావాలి. రాజ్యాంగంలో జనాభా లెక్క గురించి చెప్పే భాగాన్ని టోబీ పైకి చదివిస్తాడు. నల్లజాతి బానిసను మనిషిలో అయిదింట మూడొంతులుగా లెక్కకట్టిన వాక్యాన్ని ఎందుకు దాటేశారో ఆలోచించమంటాడు. విల్లిస్ ఆలోచిస్తాడు, మనసు మార్చుకుంటాడు. మంచి వాదన వినిపిస్తే మంచి మనిషి ఓటు మార్చుకుంటాడన్నది తొలి సీజన్ల విశ్వాసం. విల్లిస్ ఆ విశ్వాసానికి నిలువెత్తు రూపం.

తెలుగువాడికి ఈ రుచి కొత్తది కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం ఘట్టానికి తెల్లవార్లూ కూర్చుని వన్స్‌మోర్‌లు కొట్టిన జాతి మనది. సంధి కుదరదని అందరికీ తెలుసు. అయినా కృష్ణుడు పద్యం ఎలా ఎత్తుకుంటాడో వినాలి. బార్ట్‌లెట్ గొంతు సవరించుకుంటే కలిగే ఆనందం అలాంటిదే. కథ ఏ తీరానికి చేరుతుందన్నది అప్పుడు పట్టదు, మాట ఎక్కిన ఎత్తు చాలు.

మాటల మీద ఇంత నమ్మకమున్న రచయిత రెండో సీజన్ చివరికి వచ్చేసరికి మాటను దాచడం నేర్చుకున్నాడు. తనకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉందన్న సంగతి దాచి బార్ట్‌లెట్ ఎన్నికల్లో గెలిచాడు. ‘సెవెంటీన్ పీపుల్’ ఎపిసోడ్‌లో టోబీకి ఆ సంగతి తెలుస్తుంది. దాదాపు కథంతా ఒక రాత్రి, వైట్‌హౌస్‌లోని కొద్ది గదుల్లోనే. ఒక గదిలో విలేకరుల విందు కోసం జోకులు రాస్తూ మిగతావాళ్లు కిందా మీదా పడుతుంటారు. అధ్యక్షుడి గదిలో టోబీ కోపం అంచెలంచెలుగా పైకి వస్తుంది. రెంటి మధ్యా అటూ ఇటూ తిప్పడంలో ఉంది కిటుకు. నవ్వు రాని జోకులు రాసేవాళ్లకు పక్క గదిలో తమ కింది నేల కదిలిపోతోందని తెలియదు. పేలవమైన జోకు కూడా మనకు భయం పుట్టిస్తుంది.

ఆ సీజన్ ఆఖరి ఎపిసోడ్ ‘టూ కేథడ్రల్స్’. ఏళ్లుగా తనతో ఉన్న కార్యదర్శి మిసెస్ లాండింగ్‌హామ్ కారు ప్రమాదంలో పోయింది. అంత్యక్రియల తర్వాత ఖాళీ చర్చిలో ఒంటరిగా నిలబడి బార్ట్‌లెట్ దేవుణ్ని నిలదీస్తాడు, చివరికి లాటిన్‌లో. సిగరెట్ నేల మీద పడేసి బూటుతో నలుపుతాడు. రెండోసారి పోటీ చేస్తారా అని సాయంత్రం విలేకరులు అడుగుతారు. ఆయన జవాబు మనకు వినిపించరు. చేతులు జేబుల్లో పెట్టుకుని పక్కకు చూసి చిన్నగా నవ్వుతాడు, అంతే, తెర నల్లబడుతుంది. జవాబు మనకు తెలుసు. ఎందుకంటే ఆయన కుర్రతనంలో ఆ భంగిమకు అర్థమేమిటో అదే లాండింగ్‌హామ్ అంతకుముందే చెప్పేసింది. రెండేళ్లు మాటలతో నడిచిన సీరియల్ అతి ముఖ్యమైన జవాబును ఒక సైగకు అప్పగించింది. నాకు తెలిసినంతలో టీవీ రచనలో ఇంతకంటే ధీమాగల విన్యాసాలు తక్కువ.

ఇక నా అభిమానం సన్నగిల్లిన చోటు. రెండో సీజన్లోనే ఒక విందులో బార్ట్‌లెట్ ఒక రేడియో వ్యాఖ్యాతను అందరి ముందూ ఉతికి ఆరేస్తాడు. స్వలింగ సంపర్కం పాపమని బైబిల్ చూపించే ఆమెను, అదే గ్రంథంలోని మిగతా నిషేధాలన్నీ పాటిద్దామా అని వరసగా ప్రశ్నలడుగుతాడు. మొదటిసారి చూస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. రెండోసారి చూస్తే ఆమెకు రచయిత నోరే ఇవ్వలేదని తెలుస్తుంది. ఆమె అక్కడుంది ఓడిపోవడానికే. నాలుగు సీజన్లలో ఇలా ఓడడానికి పుట్టిన ప్రత్యర్థులు చాలామంది. రిపబ్లికన్ లాయర్ ఏన్స్‌లీ హేస్ లాంటి మినహాయింపులు లేకపోలేదు. టీవీ చర్చలో శామ్‌ను చిత్తుచేసి, ఆ గొప్పతనంతోనే వైట్‌హౌస్‌లో ఉద్యోగం సంపాదిస్తుంది ఆమె. కానీ అవి మినహాయింపులే. మాట గెలవాలంటే ఎదుటివాడి మాట బలహీనంగా ఉండాలి. అది రచయిత చేతిలో పనే.

2003లో నాలుగో సీజన్ ముగింపుతో సోర్కిన్, శ్లామీ ఇద్దరూ తప్పుకున్నారు. వెళ్తూ వెళ్తూ పెద్ద చిక్కుముడి వేసి వెళ్లారు. అధ్యక్షుడి కూతుర్ని ఎవరో ఎత్తుకుపోయారు. ఉపాధ్యక్షుడు అప్పటికే రాజీనామా చేశాడు. తండ్రిగా తను నిర్ణయాలు తీసుకోలేనని బార్ట్‌లెట్ రాజ్యాంగ 25వ సవరణ కింద పదవి పక్కనపెడితే, అది రిపబ్లికన్ స్పీకర్ చేతికి వెళ్లింది. ఆ ముడి విప్పే పని జాన్ వెల్స్ నడిపే కొత్త రచయితల బృందం మీద పడింది. అయిదో సీజన్ తడబడింది. మనుషులు ఒకరిమీద ఒకరు ముఖం ముడుచుకుని తిరుగుతారు, సోర్కిన్ లయ పోయింది, దాని స్థానంలోకి మరో లయ ఇంకా రాలేదు. తర్వాత టోబీ ఒక ప్రభుత్వ రహస్యాన్ని పత్రికకు చేరవేసిన కథ కూడా ఆ పాత్ర స్వభావానికి అతకలేదు.

అయితే ఆ తడబాటులోనే ‘ద సుప్రీమ్స్’ ఉంది. రచన డెబోరా కాన్. సుప్రీంకోర్టులో సాంప్రదాయవాది ఒకాయన చనిపోయాడు. సెనెట్ రిపబ్లికన్ల చేతిలో ఉంది, ఎటూ కాని మనిషినే నియమించాలి. అప్పుడు జాష్‌కు ఆలోచన తడుతుంది. ముసలి ఉదారవాద ప్రధాన న్యాయమూర్తిని విరమణకు ఒప్పిస్తే రెండు ఖాళీలు వస్తాయి. ఒకటి మనకు, ఒకటి వాళ్లకు. గ్లెన్ క్లోజ్ వేసిన ఉదారవాది, విలియం ఫిక్ట్‌నర్ వేసిన సాంప్రదాయవాది ఎదురుపడి వాదించుకుంటుంటే ఇద్దరి కళ్లలోనూ వెలుగు. ఎవరూ ఎవర్నీ ఓడించరు. రచన వాళ్ల వాదాన్ని గెలుపు దాకా లాగదు, ఇద్దరూ ఒకే న్యాయపీఠం మీద కూర్చోవడంతో ఆపేస్తుంది. సోర్కిన్ కాలంలో ఈ కథ బార్ట్‌లెట్ ఉపన్యాసంతో తేలేది. ఇక్కడ అది బేరంతో తేలింది. ఆ బేరం ఏమీ నీచంగా కనిపించదు.

ఆరు, ఏడు సీజన్లలో కథ భవనం దిగి రోడ్డెక్కుతుంది. బార్ట్‌లెట్ తర్వాత ఎవరు? డెమొక్రాట్లలో టెక్సస్ ప్రతినిధి మాట్ సాంటోస్, అటు కాలిఫోర్నియా సెనెటర్ ఆర్నల్డ్ వినిక్. ‘కింగ్ కార్న్’ అనే ఎపిసోడ్ అయోవాలో ఒకే రోజును ముగ్గురు అభ్యర్థుల వైపు నుంచి మూడుసార్లు చెబుతుంది. మొక్కజొన్న రైతుల సభలో ఇథనాల్ సబ్సిడీకి మొక్కాలి. వినిక్ మొక్కనంటాడు, సభ చల్లబడిపోతుంది. సాంటోస్‌కూ అది ఇష్టం లేదు, అయినా మొక్కుతాడు. ఒకే వేదిక, అదే జనం. చెప్పిన మాట తేడా, దానికి చెల్లించిన ధర తేడా. ఇక్కడ వాగ్ధాటికి పని లేదు. అయోవాలో ఎన్ని ఓట్లు పోతాయన్న లెక్కే నాటకం.

2005 నవంబరు 6న ‘ద డిబేట్’ ప్రసారమైంది. అమెరికా తూర్పు తీరానికి ఒకసారి, పశ్చిమ తీరానికి మరోసారి, రెండుసార్లూ ప్రత్యక్షంగా నటించారు. రాసింది లారెన్స్ ఓడొనెల్. ఆయన అంతకుముందు సెనెట్ ఆర్థిక సంఘం సిబ్బందిలో పనిచేసినవాడు. నిబంధనలు పక్కనపెట్టి నేరుగా మాట్లాడుకుందామని వినిక్ అంటాడు, సాంటోస్ సరేనంటాడు. ఆ తర్వాత గంటసేపు పన్నుల మీద, మందుల ధరల మీద, అప్పుల మీద ఇద్దరూ తలపడతారు. ఆలన్ ఆల్డా వేసిన వినిక్‌కు రచయితలు మంచి వాదనలన్నీ ఇచ్చారు. డెమొక్రాట్ల అధ్యక్షుడి కథగా మొదలైన సీరియల్లో రిపబ్లికన్ గెలిచినా బాగుంటుందేమో అనిపించడం పనితనానికి పెద్ద పరీక్ష. రేడియో వ్యాఖ్యాత దగ్గర కనిపించిన లోటుకు వినిక్ పాత్రే జవాబు.

ఈ సీజన్లకు బలం ఎక్కడిదంటే, రాజకీయాల్లో చేతులు మాసినవాళ్లు రచయితల గదిలో ఉండడం. క్లింటన్ ప్రెస్ సెక్రటరీగా చేసిన డీడీ మైయర్స్ తొలినాళ్ల నుంచే సలహాదారు. అల్ గోర్‌కు ఉపన్యాసాలు రాసిన ఈలై ఆటీ రచయితగా చేరాడు. 2004లో ఒబామా పార్టీ మహాసభ ఉపన్యాసం విన్నాక ఆటీ డేవిడ్ ఆక్సెల్‌రాడ్‌కు ఫోన్ చేసి ఆ యువనేత గురించి అడిగి తెలుసుకున్నాడు, సాంటోస్ పాత్రలో అది కలిసింది. గెలిచిన సాంటోస్ ఓడిన వినిక్‌ను విదేశాంగ మంత్రిగా పిలవడం 2006లో ప్రసారమైంది. 2008లో ఒబామా గెలిచాక తనతో ప్రైమరీల్లో పోరాడిన హిల్లరీ క్లింటన్‌ను అదే పదవికి పిలిచాడు. జోస్యం చెప్పిందని సీరియల్‌ను మెచ్చుకోవడం నాకు అంతగా రుచించదు. ఆ వృత్తిలోని మనుషుల్ని బాగా చూసి రాస్తే నిజం కూడా ఆ దారినే పడుతుంది, అంతే.

2005 డిసెంబరు 16న లియో పాత్రధారి జాన్ స్పెన్సర్ గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి లియో సాంటోస్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి. రచయితలు ఆ మరణాన్ని ఎన్నికల రాత్రిలోకి తెచ్చారు. ఓట్ల లెక్కింపు మధ్యలో కబురు వస్తుంది, లెక్కింపు మాత్రం ఆగదు. దుఃఖానికి ప్రత్యేకంగా సభ పెట్టకుండా పని మధ్యలోనే చోటిచ్చారు.

ఇదంతా చూశాక మొదటి సీజన్‌కు తిరిగి వెళ్తే ‘ఫైవ్ వోట్స్ డౌన్’ మరోలా కనిపించింది. తుపాకుల నియంత్రణ బిల్లుకు అయిదు ఓట్లు తగ్గాయి. ఆ అయిదూ ఎలా వస్తాయి? ఒకడికి బెదిరింపు, ఒకడికి అధ్యక్షుడితో కాసేపు గడిపే భాగ్యం. లియో వెళ్లి అడిగిన నల్లజాతి సభ్యుడు ఈ బిల్లు మరీ నీరసంగా ఉందని, తన నియోజకవర్గంలో చచ్చిపోతున్న పిల్లలకు ఇది ఏమాత్రం అక్కరకు రాదని ముఖం మీదే చెప్పి పంపేస్తాడు. లియోకు ఆ వాదనకు జవాబు లేదు. చివరి ఓటు ఉపాధ్యక్షుడు తెస్తాడు, పేరు కూడా ఆయనే కొట్టేస్తాడు. ఆ మధ్యలో పని ఒత్తిడిలో పెళ్లిరోజు మర్చిపోయిన లియోను భార్య వదిలి వెళ్లిపోతుంది. ఇందులో వాదనతో గెలిచిన ఓటు ఒక్కటీ లేదు. విల్లిస్‌ను నమ్మిన రచయితే ఇదీ రాశాడు, అదే సీజన్లో, ఇంకాస్త ముందే.

‘ద స్టాక్‌హౌస్ ఫిలిబస్టర్’ కూడా అంతే. ఒక ముసలి సెనెటర్ ఆటిజం ఉన్న పిల్లల వైద్యానికి డబ్బు కోసం గంటల తరబడి నిలబడి మాట్లాడుతుంటాడు, మాటలైపోతే వంటల పుస్తకం చదువుతాడు. కూర్చుంటే అవకాశం పోతుంది. ఆయన మనవడికి ఆటిజం ఉందని డోనా పసిగడుతుంది. మరో సెనెటర్ లేచి ప్రశ్న వేస్తే, ఆ ప్రశ్న సాగినంతసేపూ ఈయన ఊపిరి పీల్చుకోవచ్చని సభా నియమం చెబుతోంది. మనవళ్లున్న సెనెటర్లను వెతికి ఫోన్లు చేస్తారు. ఒక్కొక్కరే లేచి చాలా నెమ్మదిగా, చాలా పొడుగైన ప్రశ్నలు వేస్తారు. కన్నీళ్లు తెప్పించేది ఆ సభా నియమమే. ఏ రాజకీయ సీరియల్‌కైనా ఇది అబ్బడం కష్టం. ఎత్తులకు పైఎత్తులూ వెన్నుపోట్లూ రాసేవాళ్లు ఎందరో ఉన్నారు. ప్రభుత్వ పద్ధతిని, ఫారాన్ని, గడువును, సవరణను ఉత్కంఠగా మార్చగలిగినవాళ్లు కొద్దిమందే.

అందుకే మొదటి నాలుగూ గొప్పవి, చివరి మూడూ సాదావి అన్న విభజన ఇప్పుడు నాకు ఆనదు. సోర్కిన్ మాటకు పట్టం కట్టాడు, దాని కింద లెక్కల పునాది వేశాడు. తర్వాతివాళ్లకు ఆయన గొంతు దొరకలేదు కాబట్టి ఆ పునాదినే తవ్వి పైకి చూపించారు. గొంతుకు అలవాటుపడ్డ చెవికి మొదట అది వెలితిగా తోచడం సహజమే. కొత్తగా చూసేవాళ్లకు నా సలహా: మొదటి సీజన్లో ‘ఫైవ్ వోట్స్ డౌన్’, ‘మిస్టర్ విల్లిస్ ఆఫ్ ఒహాయో’ ఒకదాని వెంట ఒకటి చూడండి. ఓటు వాదనతో వస్తుందని ఒకటి, బేరంతో వస్తుందని ఒకటి చెబుతాయి. రెండూ నిజమేనని ఒప్పుకున్న సీరియల్ కాబట్టే ఏడేళ్లు నడిచింది. సోర్కిన్ వెళ్లాక కూడా నిలబడగలిగింది అందుకే.